రెండు గంటల్లో రాయి మాట వినదు

మొజాయిక్ నేర్పుతామని డబ్బు కట్టించుకుని, మొజాయిక్ ఒక్కటి తప్ప మిగతావన్నీ చేయించి పంపుతున్న క్లాసుల మీద నాకు కోపం ఉంది. అది చల్లారాక నిదానంగా రాద్దామనుకుంటే ఈలోగా ఇంకెంతమంది మోసపోతారో తెలియదు. అందుకే కోపంగానే రాస్తున్నాను.

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఆదివారం పూట జరిగే రెండు గంటల వర్క్‌షాప్‌కు ఒకసారి వెళ్లి చూడండి. బల్ల మీద గుండ్రటి ఎండీఎఫ్ చెక్క పెట్టి ఉంటుంది. దాని మీద నెమలో తామరపువ్వో ముందే గీసి ఉంటుంది. ప్లాస్టిక్ డబ్బాల్లో గాజు ముక్కలు రంగుల వారీగా, సైజుల వారీగా సర్ది ఉంటాయి. ఎవరో ఎక్కడో మిషన్ మీద కోసి, అంచులు నున్నగా చేసి పంపిన ముక్కలవి. పక్కన తెల్ల జిగురు సీసా, ఐస్‌క్రీమ్ పుల్ల, సందులు నింపడానికి కలిపి పెట్టిన గ్రౌట్. వచ్చినవాళ్లు గీత లోపల ముక్కలు అతికిస్తారు, గ్రౌట్ పూస్తారు, తడిగుడ్డతో తుడుస్తారు, ఫొటో దిగుతారు. జిగురు గట్టిపడాలంటే కనీసం ఒక రాత్రి ఆగాలి. రెండు గంటల క్లాసులో ఆ రాత్రి ఎక్కడినుంచి వస్తుంది? ఆ సంగతి ఎవరూ ఎత్తరు. వెళ్లేటప్పుడు మాత్రం చేతిలో సర్టిఫికెట్ పెడతారు.

మొజాయిక్ కళలో శిక్షణ పొందారని ఆ సర్టిఫికెట్ చెబుతుంది. అది అబద్ధం. ఏ ముక్క ఏ ఆకారంలో ఉండాలో ఆ మనిషి తేల్చుకోలేదు. ఏ వరుస ఎటు తిరగాలో తేల్చుకోలేదు. కింద ఏం పరచాలో, దేనితో పట్టించాలో అడగనే లేదు. అవన్నీ కిట్ తయారుచేసినవాడు ముందే తేల్చేశాడు. వండి దించిన కూర మీద కొత్తిమీర చల్లించి, వంట నేర్పేశామని చెప్పుకోవడం ఇది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. నేర్చుకునేవాళ్ల చేతికి సుత్తి ఇవ్వని క్లాసు, ముక్కలు పాడుచేసే స్వేచ్ఛ ఇవ్వని క్లాసు అసలు క్లాసే కాదు. అది సరుకు అమ్మకం. అమ్మకాన్ని చదువని పిలిచినప్పుడు కొనేవాడి డబ్బు పోవడం చిన్న నష్టం. ఆ పనికి ఇంతకంటే లోతు లేదని ఒక తరం మొత్తం నమ్మేయడం పెద్ద నష్టం.

కొట్టడం దగ్గర మొదలుపెడతాను. ఇటలీలో పాతకాలం నుంచి ఈ పనివాళ్లకు ముఖ్యమైన పనిముట్లు రెండు. చెక్క మొద్దులో నిటారుగా దిగ్గొట్టిన ఉలి ఒకటి, రెండు కొసలా పదునున్న వంపు సుత్తి ఇంకొకటి. రాతిముక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని ఉలి అంచు మీద ఆనించాలి. సుత్తి అంచు సరిగ్గా ఉలి అంచుకు ఎదురుగా దిగాలి. బలం పెట్టకూడదు, సుత్తి బరువే పని చేస్తుంది. రెండు అంచులూ ఎదురెదురుగా పడితే పగులు సూటిగా పరిగెత్తి ముక్క రెండుగా విడిపోతుంది. వెంట్రుకవాసి తప్పితే మూల రాలిపోతుంది, లేదా ముక్క ఏటవాలుగా చీలుతుంది. పాలరాయిలో చారలుంటాయి, చార వెంట కొడితే ఒకలా, అడ్డంగా కొడితే ఇంకోలా పగులుతుంది. వెనిస్‌లో ఈ పని కోసమే పోసే మందపు గాజుకు చారలుండవు, దాని పెళుసుదనం దానిది. ఇదంతా పుస్తకం చదివితే రాదు. వేళ్లకు రావాలి. వేళ్లకు రావాలంటే ముక్కలు పోవాలి.

సుత్తీ ఉలీ దొరకలేదంటే పలకను కొరికే పటకారు లాంటి నిప్పర్ ఉంది, హార్డ్‌వేర్ షాపులో అడిగితే ఇస్తారు. దాన్ని పట్టుకోవడం కూడా నేర్పించరు. కొత్తవాళ్లు కత్తెరతో గుడ్డ కోసినట్టు పలక మధ్యదాకా దవడలు పెట్టి నొక్కుతారు, పలక పొడిపొడి అవుతుంది. అంచును రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే కరిపించి నొక్కాలి. మిగతా దూరం పగులు తనంతట తనే వెళుతుంది. దవడలను ఏ కోణంలో పెడితే పగులు ఆ దిక్కుకు పోతుంది. ఈ చిన్న రహస్యం చెప్పడానికి ఒక నిమిషం చాలు. ఆ నిమిషం కూడా క్లాసులో దొరకదు, ఎందుకంటే నిప్పర్ బల్ల మీదికే రాదు. వస్తే ముక్కలు వృథా అవుతాయి, నేల పాడవుతుంది, కళ్లద్దాలు కొనాలి, ఒక్కొక్కరి పక్కనా నిలబడి చూడాలి. లాభం తగ్గుతుంది. అందుకే దాచేస్తారు. దాచేసి, మీకు సులువుగా ఉండాలనే ఇలా చేశామంటారు.

చదరపు ముక్కలతో ఒక చెంప చుట్టూ వరుస తిప్పి చూడండి. లోపలి వైపు ముక్కలు ఒకదానికొకటి తగులుతాయి, బయటి వైపు మూడు కోణాల సందులు తెరుచుకుంటాయి. ఆ సందుల్లో గ్రౌట్ నిండితే ముఖం చుట్టూ రంపపు పళ్లు మొలుస్తాయి. వంపు తిరగాలంటే ప్రతి ముక్కనూ లోపలి వైపు కాస్త సన్నగా, బయటి వైపు కాస్త వెడల్పుగా కొట్టాలి. ఎంత సన్నగా అన్నది వంపును బట్టి మారుతుంది. కంటితో కొలిచి, చేత్తో కొట్టి, పెట్టి చూసి, తీసి మళ్లీ కొట్టాలి. ముందే కోసిన ముక్కల డబ్బాలో ఈ ముక్క ఉండదు. ఉండే అవకాశమే లేదు, ఎందుకంటే ఆ ముక్క ఆ ఒక్క చోటికే పుడుతుంది. కిట్‌తో ఎన్ని నెమళ్లు చేసినా మనిషి ముఖం చేయలేకపోవడానికి కారణం ఇదే.

ఇక వరుసల నడక. పాంపేలో 1831లో బయటపడి, ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉన్న అలెగ్జాండర్ యుద్ధ చిత్రాన్ని తీసుకోండి. దాదాపు ఆరు మీటర్ల వెడల్పు, మూడు మీటర్లకు పైగా ఎత్తు. పదిహేను లక్షల దాకా ముక్కలుంటాయని అంచనా. తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు, ఈ నాలుగు రంగుల ఛాయలతోనే మొత్తం లాగారు. వెనక్కి తిరిగి ఉన్న గుర్రం పిరుదుల మీద ముక్కల వరుసలు కండరం ఎటు ఉబ్బిందో అటే ఉబ్బుతాయి. రంగు తీసేసి ఒక్క సందుల గీతలే మిగిల్చినా అక్కడ గుర్రం కనిపిస్తుంది. ముక్కకూ ముక్కకూ మధ్య ఉన్న సందే ఈ కళలో పెన్సిల్ గీత. బొమ్మ చుట్టూ ముందుగా నేపథ్యం రంగుతో ఒక వరుస పరిచి, ఆ తర్వాతే మిగతా నేపథ్యాన్ని నింపుకుంటూ రావాలన్నది రోమన్ల కాలం నుంచి వస్తున్న పద్ధతి. అలా చేస్తే బొమ్మ అంచు నేపథ్యంలో కలిసిపోకుండా నిలబడుతుంది. ఒక క్లాసులో నేను ఈ వరుస గురించి అడిగాను. ఎలా పెట్టినా పరవాలేదండీ, గ్రౌట్ పడితే అంతా అందంగానే ఉంటుంది అన్నారు. తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకుంటే గౌరవించేదాన్ని. తెలియకపోవడాన్ని స్వేచ్ఛగా అమ్మడం నేరం.

గ్రౌట్ పడితే అందమంటున్నారు కదా, ఇటలీలోని రావెన్నా సంగతి వినండి. అక్కడి సాన్ విటాలే చర్చిని 547లో ప్రతిష్ఠించారు. జస్టీనియన్ చక్రవర్తి, థియొడొరా రాణి పరివారాలతో నిలబడిన గోడలు అక్కడే ఉన్నాయి. అంతకు వంద ఏళ్ల ముందుదైన గల్లా ప్లాచీదియా సమాధి మందిరంలో పైకప్పంతా ముదురు నీలం, మధ్యలో బంగారు చుక్కలు. ఆ గోడలకు ఇప్పటి క్లాసుల్లోలా పైనుంచి గ్రౌట్ పూసి తుడవలేదు. తడి సున్నంలోకి ముక్కను నొక్కితే సున్నమే పైకి ఉబికి సందును పట్టుకుంది. ఎంత మేర ఆ రోజుకు పూర్తి చేయగలరో అంతే సున్నం పూసేవాళ్లు, ఆరిపోతే ముక్క పట్టదు కాబట్టి. బంగారు ముక్కలను ఒకే మట్టంలో పెట్టకుండా కొద్దికొద్దిగా వంచి పెట్టారు. అందువల్ల మనం నడుస్తుంటే వెలుతురు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు దూకుతుంది. ఆ బంగారు ముక్క కూడా మామూలుది కాదు. కింద మందపు గాజు, పైన పల్చటి గాజు పొర, రెండింటి మధ్య బంగారు రేకు పెట్టి కొలిమిలో కలిపేస్తారు. అందుకే పదిహేను వందల ఏళ్లయినా రేకు చెరగలేదు.

మన క్లాసుల్లో ఏం చెబుతారు? చెక్కతో అదిమి, అన్నీ ఒకే ఎత్తులో ఉండేలా చూడండి అంటారు. టీ బల్ల చేస్తున్నప్పుడు అది సరైన మాట, గ్లాసు ఒరగకూడదు. గోడకు అదే మాట చెబితే వెలుతురును చంపేసినట్టు. బల్లకూ గోడకూ తేడా చెప్పలేనివాళ్లు గురువు స్థానంలో కూర్చోవడానికి ఎవరు ఒప్పుకున్నారు? డబ్బు కట్టిన మనమే.

ఇంకో పద్ధతి ఉంది. ముక్కలను కాగితం మీద తలకిందులుగా, నీటికి వదిలిపోయే జిగురుతో అతికించి, ఆ కాగితాన్ని తీసుకెళ్లి గోడ మీది తడి సిమెంట్‌కు బోర్లించి, ఆరాక కాగితాన్ని తడిపి ఒలిచేయడం. ఉత్తర ఇటలీలోని సెక్వాల్స్ అనే పల్లెలో పుట్టిన జాన్ దొమెనికో ఫక్కీనా ఈ పద్ధతిని 19వ శతాబ్దంలో పెద్ద పనులకు వాడి పేరు తెచ్చుకున్నాడు. 1875లో తెరిచిన పారిస్ ఒపేరా భవనంలో మొజాయిక్‌లు అంత తక్కువ కాలంలో, అంత తక్కువ ఖర్చులో పూర్తయ్యాయంటే కారణం ఇదే. వర్క్‌షాప్‌లో కూర్చుని చేయొచ్చు, ముక్కలుగా విడగొట్టి ఎంత దూరమైనా పంపొచ్చు. కానీ దానికి ఒక మూల్యం ఉంది. ఉపరితలం చదునైపోతుంది, చేసేవాడు తన పని ముఖాన్ని చివరిదాకా చూడలేడు. ఏ పద్ధతి ఎంచుకుంటే ఏం పోగొట్టుకుంటామో చెప్పడమే శిక్షణ. ఒకే పద్ధతి చూపించి, ఇంతకు మించి లేదన్నట్టు పంపేయడం మనిషి కళ్లకు గంతలు కట్టడం.

అందం సంగతి పక్కన పెట్టండి, ఊపిరితిత్తుల సంగతైనా పట్టదా? అరుదుగా ముక్కలు కోయించే క్లాసు తగిలినా అంతే; ఏసీ కోసం తలుపులన్నీ బిగించిన గదిలో పింగాణీ పలకలను పొడిగా కోయించిన క్లాసులో నేను కూర్చున్నాను. మాస్కు లేదు, నీళ్లు చల్లలేదు, కళ్లద్దాలు ఇద్దరికి ఒకటి. కొంచెమే కదా, ఏం కాదులెండి అన్నారు. పలకలోనూ రాతిలోనూ సిలికా ఉంటుంది. దాని సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంటే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. ఒక్కరోజు వచ్చి వెళ్లేవాళ్లకు ముప్పు తక్కువే కావచ్చు. ఇదే పద్ధతి సరైనదనుకుని ఇంటికి వెళ్లి బాల్కనీలో రోజూ చేసేవాళ్ల మాటేమిటి? ఆ గదిలోనే రోజూ ఊడ్చే ఆయమ్మ మాటేమిటి? గ్రౌట్‌లో సిమెంట్ ఉంటుంది, తడి సిమెంట్ చర్మాన్ని కాలుస్తుంది. ఒట్టి చేతులతో పూయించి, ఆ నీళ్లను సింకులో పారబోయిస్తారు. అది పైపులో గట్టిపడి రాయవుతుంది. ఇవన్నీ మొదటి పది నిమిషాల్లో చెప్పాల్సిన మాటలు.

తెల్ల జిగురుతో ఎండీఎఫ్ మీద చేసిన నేమ్‌ప్లేటును గుమ్మం పక్కన పెట్టుకోమని చెప్పి పంపుతారు. తొలకరి పడగానే చెక్క ఉబ్బుతుంది, జిగురు మెత్తబడుతుంది, ముక్కలు ఒక్కొక్కటే రాలతాయి. చేసి పెట్టుకున్న మనిషి తనకు చేతకాలేదనుకుంటుంది. చేతకానిది ఆమెకు కాదు, నేర్పినవాళ్లకు. బయట గోడకు సిమెంట్ ఆధారం కావాలి, సిమెంట్‌తో పట్టే మసాలా కావాలి అని ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆమె చేసిన పని ఆమె మనవళ్ల దాకా నిలిచేది.

ఈ పని నేర్పడానికి ఏం కావాలో ప్రపంచానికి తెలుసు. ఉత్తర ఇటలీలో ఫ్రియూలీ అనే ప్రాంతం ఉంది. తల్యమెంతో నది ఒడ్డున స్పిలింబెర్గో అనే చిన్న ఊరు. ఒకప్పుడు అక్కడ పంట తక్కువ, వలస ఎక్కువ. నది తెచ్చిపోసిన రంగురంగుల గులకరాళ్లను ఏరి, పగలగొట్టి, నేలలు పరచడం ఆ చుట్టుపక్కల ఊళ్ల జీవనాధారం. వెనిస్‌కు వెళ్లారు, పారిస్‌కు వెళ్లారు, అమెరికాకు వెళ్లారు. తండ్రి దగ్గర కొడుకు, మేస్త్రి దగ్గర కుర్రాడు నేర్చుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం ఆ ప్రాంతాన్ని నుగ్గు చేసి వెళ్లాక, 1922లో ఆ ఊరివాళ్లు మొజాయిక్ పనికి బడి పెట్టారు. చేతిలో పని ఉన్న తరం వెళ్లిపోకముందే ఆ పనిని బల్లల మధ్యకు తెచ్చారు. 1930లలో రోమ్‌లోని క్రీడా ప్రాంగణం, ఇప్పుడు ఫోరో ఇటాలికో అని పిలిచే చోట పరిచిన మొజాయిక్ నేలల పని ఆ బడికి దక్కింది.

ఆ బడి నేటికీ నడుస్తోంది. కోర్సు మూడేళ్లు. మొదట రోమన్ పనులను రాయికి రాయి నకలు తీయిస్తారు, తర్వాత బైజాంటైన్ పద్ధతి, ఆ పైనే సొంత ప్రయోగాలు. పక్కనే రాతి చిప్స్‌తో నేల పరిచే పని కూడా నేర్పుతారు, ఎందుకంటే ఆ రెండూ ఒకే చేతుల్లోంచి పుట్టినవని వాళ్లు మర్చిపోలేదు. దేశదేశాల నుంచి పిల్లలు వచ్చి చేరుతున్నారు. అక్కడ మూడేళ్లు పట్టే పనిని ఇక్కడ రెండు గంటల్లో ముగిస్తున్నామంటే మనవాళ్లకు వేళ్లు అంత చురుకా? కాదు. మనకు సిగ్గు అంత తక్కువ.

మూడేళ్ల బడి మాకెక్కడిది, మాకా సంప్రదాయం లేదుగా అని ఎవరో అంటారు. ఆ మాట అన్నవాళ్లను చార్మినార్‌కు దగ్గర్లోనే ఉన్న బాద్‌షాహీ అషూర్‌ఖానాకు తీసుకెళ్లాలి. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కాలంలో, 1590లలో కట్టిన కట్టడం. గోడల మీది మెరుగు పలకల మొజాయిక్ 1611 నాటికి పూర్తయింది. ఈ పద్ధతిలో ఒక్కో రంగు పలకను విడిగా కాలుస్తారు, ఎందుకంటే ఒక్కో మెరుగు ఒక్కో వేడి దగ్గర పండుతుంది. తర్వాత పలకలను నమూనా ప్రకారం ఆకులుగా, తీగలుగా, అక్షరాలుగా కోసి, రంగు పక్కన రంగు పొదిగి గోడకు ఎక్కిస్తారు. తీగ ఎక్కడ సన్నబడాలో అక్కడ పలకే సన్నబడింది. నాలుగు వందల ఏళ్ల కిందట మూసీ ఒడ్డున ఈ పని జరిగింది.

1908లో మూసీ వరద వచ్చింది. అషూర్‌ఖానా గోడల కింది భాగంలో పలకలు దెబ్బతిన్నాయి. పోయిన చోట ఏం చేశారో తెలుసా? పలకల డిజైన్‌ను రంగులతో గోడ మీద బొమ్మగా వేశారు. పలక కాల్చి, కోసి, పొదిగే పనికి బదులు పలకలా కనిపించే రంగు వచ్చింది. ఒక ఊళ్లో ఒక పనితనం పోతే ఏమవుతుందో ఆ గోడ ముందు నిలబడితే అర్థమవుతుంది. ఇవాళ మనం క్లాసుల పేరుతో చేస్తున్నది సరిగ్గా అదే. మొజాయిక్‌లా కనిపించేది చేయించి, మొజాయిక్ అంటున్నాం.

అసలు బాధ ఇంకా ముందుంది. తెలుగువాళ్ల ఇళ్లలో మొజాయిక్ నేల తెలియని తరం మొన్నమొన్నటిదాకా లేదు. గాజు పట్టీలనో అల్యూమినియం పట్టీలనో నిలబెట్టి గడులు చేసి, తెల్ల సిమెంట్‌లో రంగు కలిపి, పాలరాతి చిప్స్ వేసి, రోలర్ తిప్పి అదిమి, నాలుగైదు రోజులు తడిపి ఉంచి, అప్పుడు పాలిష్ మిషన్ దింపేవాళ్లు. గరుకు రాయితో మొదటి కోత, బయటపడిన చిన్న చిల్లుల్లో సిమెంట్ పాలు పూయడం, ఆగడం, నున్నటి రాళ్లతో తర్వాతి కోతలు, చివర ఆక్సాలిక్ యాసిడ్‌తో మెరుపు. ఏ సైజు చిప్ ఎంత మందానికి పనికొస్తుందో, సిమెంట్ ఏ పాకంలో ఉంటే చిప్ పైకి తేలుతుందో, ఎప్పుడు మిషన్ పెడితే చిప్ ఊడిపోకుండా కోత పడుతుందో మేస్త్రికి తెలుసు. స్పిలింబెర్గో బడిలో నేల పరిచే పనిగా నేర్పేది ఈ విద్యనే.

విట్రిఫైడ్ టైల్స్ వచ్చి ఆ పనిని పక్కకు నెట్టేశాయి. ఆ మేస్త్రీలు చనిపోలేదు. టైల్స్ అంటిస్తున్నారు, వాచ్‌మన్ పని చేస్తున్నారు, ఇంటి దగ్గర ఖాళీగా కూర్చున్నారు. మన ఊళ్లో ఇన్ని మొజాయిక్ క్లాసులు జరుగుతుంటే వాళ్లలో ఒక్కరినైనా పిలిచి బల్ల ముందు నిలబెట్టినవాళ్లున్నారా? నాకు కనిపించలేదు. పిలవరు. వాళ్లకు ఇంగ్లీషు రాదు, వాళ్ల చేతులు ఫొటోలో బాగుండవు, వాళ్లను సార్ అని పిలవడానికి మనకు నోరు రాదు. చేత్తో పని చేసి బతికేవాడిది కూలి, అదే పని ఆదివారం సరదాకు చేసేవాడిది కళ. ఈ విభజన మనలో ఎక్కడినుంచి వచ్చిందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మన కులపు లెక్కలే ఆర్ట్ క్లాసు పేరుతో తిరిగొచ్చాయి. వందల ఏళ్ల పాటు ఈ దేశంలో చేతిపని చేసేవాళ్లకు చదువును దూరం పెట్టాం. ఇప్పుడు చదువుకున్నవాళ్లకు చేతిపని నేర్పుతామంటూ, ఆ పని తెలిసినవాళ్లనే గది బయట నిలబెట్టాం.

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. ఇది సరదా కోసం చేసుకునేది, వారమంతా ఆఫీసులో నలిగిపోయినవాళ్లకు కాస్త ఊరట, అంత సీరియస్ ఎందుకమ్మా అంటారు. సరదాకు నేను అడ్డం కాదు. సరదా అని బోర్డు పెట్టుకోండి, సరదా అని డబ్బు తీసుకోండి, నేనేమీ అనను. కోర్సు అనీ, శిక్షణ అనీ, సర్టిఫికెట్ అనీ రాసినప్పుడు మాత్రం ఆ మాటలకు తగ్గ పని చేయాలి. ఇంకో సంగతి చెబుతాను. మనిషికి నిజమైన ఊరట చేతికి పని లొంగినప్పుడే దొరుకుతుంది. మొదటిసారి రాయి అనుకున్న చోట, అనుకున్నట్టు పగిలినప్పుడు ముఖంలో వచ్చే వెలుగు అతికించే క్లాసుల్లో నేను ఎప్పుడూ చూడలేదు. సులువు పేరుతో ఆ వెలుగును కొల్లగొడుతున్నారు.

కళ లోపలినుంచి వస్తుంది, బడి ఎందుకు, నేక్‌చంద్‌కు ఎవరు నేర్పారు అంటారు. నేక్‌చంద్ చండీగఢ్‌లో రోడ్ల ఇన్‌స్పెక్టర్. సిమెంట్ ఎలా నడుచుకుంటుందో ఉద్యోగంలోనే తెలిసినవాడు. 1976లో తన రాక్ గార్డెన్ జనానికి తెరుచుకునే ముందు ఏళ్ల తరబడి, ఎవరికీ తెలియకుండా, పగిలిన కప్పులూ గాజులూ ఏరి తెచ్చి రాత్రిళ్లు పని చేశాడు. లాస్ ఏంజిలిస్‌లో వాట్స్ గోపురాలు కట్టిన సైమన్ రోడియా కూడా కట్టుబడి పనివాడే. 1921 నుంచి 1954 దాకా ఒంటరిగా కట్టాడు. క్లాసు అక్కర్లేదని చెప్పడానికి వీళ్ల పేర్లు తెచ్చేవాళ్లు ముందు వాళ్లు పెట్టిన కాలాన్ని చూడాలి. గురువు లేకపోతే ముప్పై ఏళ్లు పెట్టు, గురువు ఉంటే మూడేళ్లు పెట్టు అని ఆ జీవితాలు చెబుతున్నాయి. ఆదివారం మధ్యాహ్నం చాలని ఎక్కడా చెప్పడం లేదు.

మరి ఏం చేయాలి? చెబుతాను. మూడేళ్ల బడి రేపే లేవదు, ఒప్పుకుంటాను. పన్నెండు ఆదివారాల క్లాసు రేపే పెట్టొచ్చు. మొదటి మూడు వారాలు బొమ్మ వద్దు, జిగురు వద్దు. కొట్టడం మాత్రమే. తర్వాత గీత వెంట వరుస, వంపు వెంట వరుస, ఒక ఆకు, ఒక చేప. పాత రోమన్ పని ఒకటి ఎదురుగా పెట్టి జానెడు మేర నకలు. ఆ పైన సున్నం, సిమెంట్, తలకిందుల పద్ధతి. మాస్కు, కళ్లద్దాలు, చేతి తొడుగులు ఫీజులోనే ఉండాలి. చివర ఇంటికి తీసుకెళ్లేది ఏదీ లేకపోయినా పరవాలేదు, చేతికి వచ్చింది ఇంటికి వస్తుంది. ఇలా పెడితే సగం మంది మానేస్తారని నిర్వాహకులు భయపడతారు. మాననివ్వండి. మిగిలిన సగంలోంచి ఈ ఊరికి నలుగురు పనివాళ్లు పుడతారు.

కుదరని పని అని ఎవరూ అనొద్దు. ఢిల్లీలో హుమాయూన్ సమాధి మరమ్మతులప్పుడు ఆగాఖాన్ ట్రస్టు ఉజ్బెకిస్తాన్ నుంచి పలకల పనివాళ్లను రప్పించి, పక్కనే ఉన్న నిజాముద్దీన్ బస్తీ కుర్రాళ్లకు నేర్పించింది. పాత మెరుగుకు సరిపోయే పలకలు ఆ కుర్రాళ్ల చేతుల్లోంచే వచ్చాయి. బస్తీ కుర్రాళ్లు నేర్చుకోగలిగింది, బడి ఉంటే ఎవరైనా నేర్చుకోగలరు. అషూర్‌ఖానా ఉన్న మన ఊళ్లో, పాలిష్ మేస్త్రీలు బతికున్న మన రాష్ట్రాల్లో, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఒకటి మాసబ్‌ట్యాంక్‌లో ఉండగా, మొజాయిక్‌కు ఒక వర్క్‌షాప్, పలక కాల్చే ఒక కొలిమి, జీతమిచ్చి పెట్టుకున్న ఒక మేస్త్రి ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఐటీఐల్లో తాపీ పని నేర్పుతున్నారు. దాని పక్కన చిప్స్ నేల, దాని పక్కన పలక మొజాయిక్ నేర్పితే ఏ ఖజానా ఖాళీ అవుతుంది?

నేర్చుకోవాలనుకునేవాళ్లకు నా మాట: డబ్బు కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి. ముక్కలు నా చేత కొట్టిస్తారా? నేర్పేవాళ్లు సొంతంగా ఒక గోడైనా, ఒక నేలైనా చేశారా, అది వానకు నిలిచిందా? ధూళికి ఏం ఏర్పాటు చేశారు? నేను పాడుచేసే ముక్కల ఖర్చు ఫీజులో ఉందా? జవాబు తడబడితే లేచి వచ్చేయండి. ఆ డబ్బుతో ఒక నిప్పర్, ఒక కళ్లద్దాల జత, ఒక మంచి మాస్కు కొనుక్కుని, టైల్స్ షాపు వెనక పారేసిన పగిలిన పలకలు అడిగి తెచ్చుకుని, మీ వీధిలో నేలలు పరిచిన పెద్దమనిషి ఎవరున్నారో వెతకండి.

నేర్పేవాళ్లకు నా మాట ఇంతే. మీకు రాని చోట ఆ మేస్త్రిని పిలవండి. పిలిచి గదిలో మూల నిలబెట్టకండి, మీ పక్క కుర్చీ ఇవ్వండి. పోస్టరు మీద మీ పేరు ఏ అక్షరాల్లో వేసుకుంటారో ఆ అక్షరాల్లోనే ఆయన పేరు వేయండి. కూలి లెక్క వేయకండి, మీరు గంటకు ఎంత తీసుకుంటారో ఆయనకూ గంటకు అంతే ఇవ్వండి. ఆ పని చేసిన రోజున మీ సర్టిఫికెట్‌కు విలువ వస్తుంది. అప్పటిదాకా అది కాగితం, దాన్ని కాగితమనే పిలుస్తాను.